అవిసె కాడ నుంచి లినెన్ బట్ట దాకా: విత్తడం నుంచి చలువ చేయడం వరకు పూర్తి వివరం

మనం వేయించి కారప్పొడి చేసుకునే అవిసె గింజల మొక్క కాడలోనే లినెన్ నార ఉంటుంది. గింజ నూనెకు, కాడ బట్టకు పనికొస్తాయి. పత్తి అయితే కాయ పగలగానే దూది చేతికి అందుతుంది. అవిసెలో అలా కుదరదు. పైన పలచటి బెరడు, లోపల పెళుసు పుల్ల, ఆ రెంటి మధ్య నిలువునా పరుచుకున్న నార కట్టలు, వాటన్నిటినీ పట్టి ఉంచే పెక్టిన్ అనే సహజ జిగురు. ఆ జిగురును వదిలించి, పుల్లను పొడి చేసి రాల్చి, నారను చెక్కుచెదరకుండా బయటికి తీయాలి. ఐర్లండ్ ఉత్తర భాగమైన అల్‌స్టర్‌లో, బెల్జియం ఫ్లాండర్స్‌లో, ఫ్రాన్స్ నార్మండీలో శతాబ్దాలుగా చేస్తూ వచ్చిన పని ఇదే.

ఈ పనిలో ఎక్కడెక్కడ ఓపిక పట్టాలో, ఎక్కడ చురుగ్గా కదలాలో వరసగా రాస్తున్నాను. చాలామంది రాట్నం, మగ్గం గురించే ఆలోచిస్తారు కానీ బట్ట బాగోగులు తేలిపోయేది నీళ్ల తొట్టి దగ్గరే అని నా గట్టి నమ్మకం. అందుకే ఆ భాగాన్ని మిగతావాటికంటే ఎక్కువగా రాశాను.

ఏ విత్తనం, ఎప్పుడు

కిరాణా కొట్లో దొరికే అవిసె గింజలు మొలుస్తాయి గానీ అవి నూనె రకాలు. మొక్క పొట్టిగా ఉండి, పైన కొమ్మలు ఎక్కువగా వేస్తుంది. కొమ్మ వచ్చిన చోటల్లా నార తెగుతుంది. నార రకాలు వేరు. అవి మీటరు దాకా నిటారుగా, సన్నగా పెరిగి చిట్టచివరే రెండు మూడు కొమ్మలు వేస్తాయి. మన దేశంలో అవిసె అంటే మధ్యప్రదేశ్, విదర్భ ప్రాంతాల్లో రబీలో గింజ కోసం వేసే పంటే. నార అవిసె మీద పశ్చిమ బెంగాల్ బారక్‌పూర్‌లోని కేంద్ర జ్యూట్ పరిశోధన సంస్థ పనిచేస్తోంది. విత్తనం కావాలంటే అలాంటి చోట అడగడమే మేలు. ముందు పని నేర్చుకుంటే చాలనుకునేవాళ్లు నూనె రకంతోనే మొదలుపెట్టవచ్చు. నార పొట్టిగా వస్తుంది, అంతే.

యూరప్‌లో మార్చి, ఏప్రిల్ నెలల్లో విత్తి, దాదాపు 100 రోజులకు పీకుతారు. ఐర్లండ్‌లోనో నెదర్లాండ్స్‌లోనో పెరటి జాగా ఉన్న తెలుగువాళ్లకు ఆ లెక్కే సరిపోతుంది. తెలుగు నేలల్లో అయితే నవంబరు మొదట్లో విత్తాలి. చలి ఉన్నన్నాళ్లూ కాడ పొడుగు సాగుతుంది, ఎండ ముదిరితే మొక్క తొందరపడి పూతకు వస్తుంది.

విత్తనం దట్టంగా పడాలి. గింజ కోసం వేసే రైతు మొక్కకు మొక్కకు ఎడం ఇస్తాడు. నార కోసమైతే ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి ఎగబాకాలి, పక్కకు కొమ్మ వేయడానికి చోటే ఉండకూడదు. హెక్టారుకు 100 నుంచి 120 కిలోల విత్తనం పడుతుంది. పెరట్లో చదరపు మీటరుకు 12 గ్రాములు అనుకోండి, పది చదరపు మీటర్లకు 120 గ్రాములు. సన్నగా దున్నిన నేలలో చల్లి, పళ్ల కర్రతో మట్టి పైపైన కప్పి, కాలితో తొక్కి అణచండి. ఎరువు ఎక్కువైతే కాడ మెత్తబడి గాలికి పడిపోతుంది. పడిపోయి వంకర తిరిగిన కాడలో మంచి నార రాదు. మొక్క జానెడు ఎత్తు వచ్చేలోపే కలుపు తీసేయాలి.

పూత నీలంగా ఉంటుంది. పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి రేకులు రాలిపోతాయి. చేను చూడాలంటే తెల్లవారి ఎనిమిదింటికల్లా వెళ్లండి.

కోయకూడదు, పీకాలి

పూత అయ్యాక సుమారు నెలకు కాడ కింది మూడో వంతు పచ్చదనం పోయి పసుపు తిరుగుతుంది, కింది ఆకులు రాలతాయి, కాయలు లేత గోధుమరంగులోకి వస్తాయి. అదే అదును. అంతకంటే ముందు పీకితే నార మెత్తగా సన్నగా ఉంటుంది గానీ బలం తక్కువ. ఆలస్యమైతే గింజ బాగా వస్తుంది, నార మాత్రం మొద్దుబారుతుంది. గింజ, నార రెండూ నంబర్ వన్‌గా కావాలంటే కుదరదు. దేనికి పెద్దపీట వేయాలో ముందే తేల్చుకోండి.

కొడవలి పెట్టకండి. నార కట్టలు వేరు దాకా దిగి ఉంటాయి, కోస్తే ఆ మేరకు పొడుగు పోతుంది. పైగా కోసిన చోట నుంచి నీరు పాకి, ఊరేటప్పుడు ఆ కొస ముందే కుళ్లుతుంది. గుప్పెడు కాడలు కాయలకు కాస్త కింద పట్టుకుని, ఏటవాలుగా లాగితే వేళ్లతో సహా వచ్చేస్తాయి. మట్టి దులిపి, వేళ్లన్నీ ఒకే వైపు సమంగా ఉండేలా పేర్చండి. ఈ సమం చేయడం చిన్న పనిలా కనిపిస్తుంది కానీ దువ్వెన దగ్గరికి వచ్చేసరికి దాని విలువ తెలుస్తుంది. వేళ్లు ఒక దిక్కు, తలలు ఒక దిక్కు ఉంటేనే పొడుగు నార నిలుస్తుంది. పొట్టి కాడలు, పొడుగు కాడలు వేరువేరు కట్టలు కట్టండి.

కట్టలను నాలుగైదు చొప్పున ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి ఎండనివ్వండి. ఎండాక కాయలను వెడల్పు పళ్లున్న ఇనుప దువ్వెనలో పెట్టి లాగితే తెగి రాలతాయి. వచ్చే ఏటి విత్తనం, ఇంట్లో వాడకానికి గింజ అక్కడే దొరికిపోతాయి.

ఊరబెట్టడం

కాడలోని జిగురును సూక్ష్మజీవులు తినేయాలి. నారను మాత్రం తినకూడదు. ఆ రెంటి మధ్య ఉండే వ్యవధి చాలా తక్కువ. వేసవిలో అది ఒక్క రోజే కావచ్చు.

లోకంలో దీనికి రెండు దారులున్నాయి. మొదటిది మంచు దారి. పీకిన కాడలను చేనులోనే పలచగా పరిచి, మంచుకూ వానకూ ఎండకూ వదిలేస్తారు. బూజు జాతి శిలీంధ్రాలు జిగురును తింటాయి. అడపాదడపా తిరగేస్తూ ఉంటే కొన్ని వారాల్లో పని అవుతుంది. నార్మండీలో ఇప్పుడు జరిగేది ఇదే. పీకడం, తిరగేయడం, కట్టలు చుట్టడం అన్నీ యంత్రాలే చేస్తాయి. ఈ దారిలో నార వెండి బూడిదరంగులో వస్తుంది. లినెన్‌కు సహజమైన రంగు అని కొట్లో చెప్పే రంగు అదే. మన దగ్గర ఫిబ్రవరి, మార్చిలో మంచు అంతగా పడదు, గాలిలో తేమ ఉండదు. అందుకే ఈ దారి నేను సూచించను.

రెండోది నీటి దారి. గాలి అవసరం లేని బ్యాక్టీరియా నీటి అడుగున జిగురును తింటాయి. అల్‌స్టర్ పల్లెల్లో దీనికోసం ప్రత్యేకంగా గుంటలు తవ్వేవాళ్లు. కట్టలను జమ్ముతో కట్టి, గుంటలో పేర్చి, పైకి తేలకుండా రాళ్లు పెట్టేవాళ్లు. ఒకటి రెండు వారాల తర్వాత మగవాళ్లు నడుము లోతు మురుగు నీటిలో దిగి ఒక్కో కట్టనూ గట్టు మీదికి విసిరేవాళ్లు. ఆ వాసన రోజుల తరబడి ఒంటిని వదిలేది కాదు.

ఫ్లాండర్స్‌లో కోర్‌ట్రైక్ పట్టణం దగ్గర లైస్ నది ఉంది. మెత్తని నీరు, నెమ్మదైన పారుదల. కట్టలను పెద్ద చెక్క పెట్టెల్లో నిలువుగా నింపి, నదిలో ముంచి, పైన బండలు పెట్టేవాళ్లు. ఒకసారి ఊరాక తీసి ఎండబెట్టి, మళ్లీ రెండోసారి ముంచేవాళ్లు. లేత పసుపు రంగులో పట్టులా మెరిసే ఆ నార కోసం బ్రిటన్, ఐర్లండ్ మిల్లులు ఎక్కువ ధర పెట్టేవి. అందుకే ఆ ఏటికి బంగారు నది అని పేరొచ్చింది. దిగువనున్న ఘెంట్ నగరం మాత్రం ఆ నీటి కంపు భరించలేక ఏళ్ల తరబడి మొరపెట్టుకుంది. ఆ రోజుల పనిముట్లు, నార నమూనాలు చూడాలంటే కోర్‌ట్రైక్‌లోనే టెక్స్చర్ మ్యూజియం ఉంది.

ఇంట్లో చేసే పద్ధతి ఇది. కాడ పొడుగునా పట్టే ప్లాస్టిక్ డ్రమ్ము గానీ సిమెంటు తొట్టి గానీ తీసుకోండి. ఇనుప తొట్టి వద్దు. కాడలోని పదార్థంతో ఇనుము కలిస్తే నల్లటి మరకలు పడతాయి, చివర్లో చేసే చలువకు, అంటే బట్టను తెల్లబరిచే పనికి కూడా అవి పోవు. ఇనుము ఎక్కువున్న బోరు నీళ్లతోనూ ఇదే తంటా. వాన నీళ్లు దొరికితే అంతకంటే కావలసింది లేదు. కట్టలు వదులుగా కట్టి నిలువుగా పెట్టి, నీళ్లు పోసి, పైన చెక్క పలక వేసి బరువు పెట్టండి. మొదటి రోజు నీళ్లు టీ డికాక్షన్ రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్లు తీసేసి కొత్తవి పోయండి. రెండు మూడు రోజులకు బుడగలు రావడం మొదలవుతుంది, వాసనా మొదలవుతుంది. పులుపు వాసన, తర్వాత మురుగు వాసన. పని జరుగుతోందని అర్థం.

నీళ్లు 25 నుంచి 30 డిగ్రీల వేడిలో ఉంటే దాదాపు వారంలో ఊరుతుంది. చల్లటి నీళ్లయితే రెండు వారాలు దాటవచ్చు. రోజుల లెక్క మీద ఆధారపడకండి. నాలుగో రోజు నుంచి పొద్దున, సాయంత్రం కాడను పరీక్షించండి.

పరీక్ష ఇలా చేయాలి. కట్ట మధ్యలోంచి ఒక కాడ లాగండి, అంచుల్లోని కాడలు ముందే ఊరతాయి కాబట్టి అవి పనికిరావు. మధ్యలో జానెడు ఎడంగా రెండు చోట్ల పుల్లను విరవండి. ఆ రెండు విరుపుల మధ్య ఉన్న పుల్ల ముక్కను కింది వైపు నుంచి మెల్లగా లాగండి. దానికి నార పోగు ఒక్కటి కూడా అంటకుండా జారి వచ్చేస్తే ఊరడం పూర్తయింది. కొంత అంటుకుని చిరిగితే ఇంకా సమయం ఉంది. ఇంకో గుర్తు కూడా ఉంది. ఎండిన కాడను కాస్త వంచితే నార పుల్లను వదిలి, వింటి నారిలా ఎడంగా నిలబడుతుంది. ఈ రెండు పరీక్షలూ నాలుగైదు కాడల మీద చేసి, ఎక్కువ కాడలు ఏం చెబితే అదే వినండి. ఒక్క కాడను నమ్మి తొట్టి ఖాళీ చేయొద్దు.

అనుమానంగా ఉంటే కాస్త ముందే తీసేయండి. తక్కువ ఊరినదాన్ని ఎండబెట్టాక కూడా మళ్లీ నీళ్లలో వేసి సరిచేసుకోవచ్చు. ఎక్కువ ఊరి నార కుళ్లితే చేసేదేమీ లేదు, దువ్వెనలో పెట్టగానే ముక్కలు ముక్కలుగా తెగి పీచుగా మారుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోగు కట్టెలు చెరువుల్లో ఊరబెట్టి నార తీసిన రైతులకు ఇదంతా చెప్పనక్కర్లేదు. వాళ్లలో ఎవరైనా తెలిసినవారుంటే తొట్టి దగ్గరికి తీసుకొచ్చి చూపించండి, వాళ్ల చేతి అంచనా మీకు చాలా పని తగ్గిస్తుంది. ఒక్క తేడా మాత్రం చెప్పండి. గోగు నారను తడిగా ఉండగానే కట్టె నుంచి ఒలుస్తారు. అవిసె నార సన్నది కాబట్టి కాడను పూర్తిగా ఎండబెట్టిన తర్వాతే పుల్లను విరిచి రాలుస్తారు.

ఊరిన నీళ్లు చెరువులోకి వదలకండి. ఆ నీళ్లు చెరువులోని ఆక్సిజన్ మొత్తం లాగేసుకుంటాయి, చేపలు చస్తాయి. మామూలు నీళ్లు నాలుగింతలు కలిపి చెట్ల పాదులకు పోయవచ్చు. కట్టలను శుభ్రమైన నీళ్లలో ఒకసారి ముంచి తీసి, నిలబెట్టి, ఫెళఫెళలాడేదాకా ఎండబెట్టండి.

విరవడం, దులపడం, దువ్వడం

యూరప్‌లో తేమ గాలి వల్ల ఈ పనికి ముందు కాడలను నిప్పు సెగన ఎండబెట్టుకునేవాళ్లు. వాటికి నిప్పంటుకోవడం కూడా మామూలే. మన మార్చి ఎండలో ఆ బెడద లేదు. మిట్ట మధ్యాహ్నం, కాడ బాగా కాగిన వేళ పని పెట్టుకోండి.

విరవడానికి ఫ్లాక్స్ బ్రేక్ అనే చెక్క పరికరం వాడతారు. కింద రెండు మూడు పలకల అంచులు పైకి, పై నుంచి దిగే పలకల అంచులు వాటి సందుల్లోకి. మధ్యలో గుప్పెడు కాడలు పెట్టి పై చెక్కను దింపుతూ, కాడలను ముందుకు జరుపుతూ పోతే పుల్ల తునాతునకలవుతుంది. వడ్రంగి ఒక్క పూటలో చేసిస్తాడు. అంచులు పదునుగా ఉండకూడదు, గుండ్రంగా చిత్రిక పట్టించండి. ఏమీ లేకపోతే బండ మీద పెట్టి కొయ్య సుత్తితో కొట్టినా పని జరుగుతుంది, కాకపోతే నార కాస్త దెబ్బ తింటుంది.

తర్వాత దులపడం. నిలువు పలక అంచు మీదుగా గుప్పెడు నారను వేలాడదీసి, మొద్దు అంచున్న చెక్క కత్తితో పై నుంచి కిందికి జారిస్తే పుల్ల పొట్టు రాలిపోతుంది. అల్‌స్టర్‌లో ఏటి నీటితో తిరిగే మిల్లుల్లో ఈ పని జరిగేది. తిరిగే చెక్క రెక్కల ముందు మనిషి నిలబడి నారను అందించేవాడు. ఎగిరే దుమ్మూ, తగిలే రెక్కా రెండూ ప్రమాదమే.

ఆ దుమ్ము సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. బెల్‌ఫాస్ట్ మిల్లుల్లో నార దువ్వే గదుల్లో పనిచేసినవాళ్లకు ఛాతీ పట్టేసి, ఊపిరాడని జబ్బు వచ్చేది. దాన్ని బిసినోసిస్ అంటారు. సెలవు తర్వాత పనిలో దిగిన సోమవారం నాడు అది ఎక్కువగా బాధించేది. మీరు ఎంత కొంచెం చేసినా ఆరుబయట, గాలికి వీపు పెట్టి, ఎన్-95 మాస్కు వేసుకునే చేయండి.

ఇక దువ్వడం. చెక్క పలక మీద నిలువుగా దిగగొట్టిన ఇనుప ముళ్ల దువ్వెన ఇది. కనీసం రెండు కావాలి, ఒకటి ముళ్లు ఎడంగా ఉన్నది, ఇంకోటి దగ్గరగా ఉన్నది. పలకను బల్లకు గట్టిగా బిగించండి, కదిలితే ముళ్లు చేతిలో దిగుతాయి. నార గుప్పెడు మధ్యలో పట్టుకుని, ఒక చుట్టు వేలికి తిప్పి బిగించండి. ముందు చివరి నాలుగు వేళ్ల మేర మాత్రమే ముళ్ల మీద వేసి లాగండి. అది చిక్కు లేకుండా జారాక ఇంకాస్త లోపలికి, అలా మధ్య దాకా. తర్వాత గుప్పెడు తిప్పి పట్టుకుని రెండో కొస. చిక్కుపడ్డ జుట్టును కొస నుంచి విడదీసే పద్ధతే ఇది. ఆదరాబాదరాగా మధ్యలోంచి లాగితే మంచి నార కూడా తెగి ముళ్లలో మిగిలిపోతుంది. దువ్వే కొద్దీ గుప్పెడు సన్నబడుతుంది, ముళ్లలో పీచు పెరుగుతుంది. నష్టం జరుగుతోందని దిగులు పడకండి. చివరికి చేతిలో మిగిలేది లేత బంగారు రంగు జడ, వెలుగులో పెడితే మెరుస్తుంది.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖద్దరు వడికే ఆడవాళ్లు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. సన్న నూలు రావాలంటే ముందు పోగులన్నీ ఒకే దిక్కుకు తిరగాలన్న అవగాహన రెండు చోట్లా ఉంది.

ముళ్లలో మిగిలిన పీచును పారేయకండి. దాన్ని ఏకి ముతక నూలు వడకవచ్చు. ముతక సంచి గుడ్డకూ తాళ్లకూ అది పనికొస్తుంది. ప్లంబర్లు పైపు జాయింట్లకు చుట్టే పీచు కూడా ఇదే జాతిది. రాలిన పుల్ల పొట్టు పశువుల కింద పరుపుగా వేయవచ్చు. యూరప్‌లో దాంతో చెక్క బోర్డులు చేస్తారు.

ఎంత వస్తుందో ఒక అంచనా. మంచి పంటలో పది చదరపు మీటర్లకు అయిదారు కిలోల ఎండు కాడ వస్తుంది. పెద్ద మిల్లుల్లోనే పొడుగు నార కాడ బరువులో అయిదో వంతు దాటడం కష్టం. చేతితో పదో వంతు, అంటే అర కిలో దక్కితే బాగా చేసినట్టే.

వడకడం

పొడుగు నారను పత్తిలా ఏకులు చుట్టి వడకలేరు. కర్రకు చుట్టి పెట్టుకుని, అందులోంచి కొన్ని పోగుల చొప్పున కిందికి దింపుకోవాలి. బల్ల మీద నారను విసనకర్రలా పలచగా విప్పి, పొర మీద పొర పరిచి, కర్రకు వదులుగా చుట్టి రిబ్బనుతో కట్టండి. ఈ చుట్టడం సరిగ్గా కుదిరితే వడకడం సగం అయిపోయినట్టే. కదురు చాలు, ఫ్లయర్ (నూలుకు పురి పెడుతూనే చుట్టే భాగం) ఉన్న రాట్నం ఉంటే వేగం వస్తుంది.

పక్కన చిన్న గిన్నెలో నీళ్లు పెట్టుకోండి. వేళ్లు తడుపుకుంటూ, పురి పడే చోట నూలును నిమురుతూ పోవాలి. పొడిగా వడికితే నూలు వెంట్రుకలు లేచి గరుగ్గా ఉంటుంది. తడిపితే జిగురు మెత్తబడి పోగులు అతుక్కుంటాయి, నూలు నున్నగా వస్తుంది. తడి అవిసె పోగు సహజంగానే గడియారం ముల్లుకు ఎదురుదిశలో మెలి తిరుగుతుంది. ప్రాచీన ఈజిప్టు లినెన్ నూలుకు ఆ సహజ మెలికకు తగ్గ పురే కనిపిస్తుంది. మీరూ చక్రాన్ని ఎదురుదిశలో తిప్పి చూడండి. ఈజిప్టులో అయిదు వేల ఏళ్ల క్రితం కుట్టిన లినెన్ చొక్కా ఒకటి తర్ఖాన్ అనే చోట దొరికింది, ఇప్పుడు లండన్‌లోని పెట్రీ మ్యూజియంలో ఉంది. ఎండిన చోట లినెన్ అంతకాలం నిలుస్తుంది.

తడి సంగతి యంత్రాలకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. పత్తి వడికే యంత్రాలు వచ్చేసినా అవిసె లొంగలేదు. 1810లో నెపోలియన్ అవిసె వడికే యంత్రానికి పది లక్షల ఫ్రాంకుల బహుమతి ప్రకటించాడు. ఫిలిప్ ద జిరార్డ్ అదే ఏడాది యంత్రం తయారుచేశాడు గానీ సొమ్ము చేతికందలేదు. 1825లో ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్‌కు చెందిన జేమ్స్ కే నారను నీళ్లలో నానబెట్టి వడికే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. పొడుగ్గా కనిపించే నార నిజానికి రెండు మూడు సెంటీమీటర్ల పోగులు జిగురుతో అంటుకున్న కట్ట. నానితే ఆ పోగులు ఒకదాని మీద ఒకటి జారి సన్నగా సాగుతాయి. అక్కడి నుంచి కథ మారింది. బెల్‌ఫాస్ట్‌లో మల్‌హాలండ్ కుటుంబం 1828లో కాలిపోయిన తమ పత్తి మిల్లు స్థానంలో అవిసె మిల్లు కట్టింది. ఆ శతాబ్దం చివరికి ఆ ఊరు ప్రపంచ లినెన్ రాజధాని. ఆ తడి గదుల్లో ఆడపిల్లలు చెప్పుల్లేకుండా, వేడి నీళ్లు చిందే నేల మీద రోజంతా నిలబడి పనిచేశారు. నున్నటి లినెన్‌ను మెచ్చుకునే ప్రతిసారీ ఆ పాదాలను కూడా తలుచుకోవాలని నాకనిపిస్తుంది.

నూలు సన్నదనాన్ని లీ లెక్కలో చెబుతారు. ఒక పౌను నూలులో 300 గజాల చుట్లు ఎన్ని ఉంటే అన్ని లీ. కాటన్ కౌంట్‌లో చుట్టకు 840 గజాలు. కాబట్టి లీ అంకెను 2.8తో భాగిస్తే కాటన్ కౌంట్ వస్తుంది. 60 లీ నూలు కాటన్‌లో 21 కౌంట్‌కు సమానం. లినెన్ చీరల మీద కనిపించే 100 కౌంట్ సాధారణంగా లీ లెక్కే, కాటన్ లెక్కలో అది 36 కూడా దాటదు. ఇది మోసం కాదు, కొలత వేరు. అది తెలియక కాటన్ చీర కౌంట్‌తో పోల్చుకుని కొంటే మాత్రం నష్టపోతారు.

వడికిన నూలును చిలపలు (వదులు చుట్టలు) కట్టి, లీటరుకు ఒక చెంచా వాషింగ్ సోడా వేసిన నీళ్లలో గంట, రెండు గంటలు సన్నగా ఉడికించండి. మిగిలిన జిగురు గోధుమరంగు నీళ్లుగా దిగుతుంది. జాడించి, బరువు కట్టి వేలాడదీసి ఆరబెట్టండి.

మగ్గం మీద

లినెన్ నూలుకు బలం ఎక్కువ, సాగే గుణం చాలా తక్కువ. పత్తి పడుగులో ఒక పోగు బిగుతుగా, ఒకటి వదులుగా ఉన్నా సర్దుకుంటుంది. లినెన్ పడుగులో బిగుతైన పోగు పుటుక్కున తెగుతుంది. పడుగు పోసేటప్పుడే ప్రతి పోగూ ఒకే బిగువులో ఉండాలి. గాలి పొడిగా ఉంటే ఇంకా పెళుసవుతుంది. లినెన్ నూలు తడిస్తే బలం పెరుగుతుంది కాబట్టే ఐరిష్ నేతగాళ్లు మట్టి నేల ఉన్న చెమ్మ గదుల్లో మగ్గాలు పెట్టుకునేవాళ్లు. ఈ లెక్కన మంగళగిరి, పోచంపల్లి వైపు వాడే గుంట మగ్గం లినెన్‌కు బాగా నప్పుతుంది. పడుగు నేలకు దగ్గరగా ఉండి చెమ్మ పట్టి ఉంటుంది. పడుగు కింద తడి గోనె పరిస్తే మరీ మంచిది.

పడుగుకు గంజి తప్పనిసరి. బియ్యప్పిండి గంజి గానీ, అవిసె గింజలు ఉడికిస్తే వచ్చే జిగట నీళ్లు గానీ పలచగా పట్టించి, కుంచెతో ఒకే దిక్కుకు దువ్వి ఆరబెట్టండి. పేక నూలును తడిపిన కండెలతో నాడెలో పెట్టుకుంటే పోగులు దగ్గరగా పడతాయి. మొదటి బట్టకు సాదా నేతే చాలు.

చలువ చేయడం

మగ్గం దిగిన లినెన్ గోధుమ, బూడిద రంగుల్లో గరగరలాడుతుంది. దాన్ని తెల్లగా చేయడం ఒకప్పుడు ప్రత్యేక వృత్తి. హాలండ్‌లోని హార్లెం దీనికి పెట్టింది పేరు. బూడిద నీళ్లలో కాచి, పచ్చిక మీద పరిచి, తడుపుతూ ఎండబెట్టి, మజ్జిగలో నానబెట్టి, మళ్లీ మొదటి నుంచి. మన చాకలివాళ్లు బానలో చవుడు వేసి ఉబ్బబెట్టే పనిలోనూ ఈ క్షారమే ఉంది. వసంతంలో మొదలుపెడితే తెల్లదనం రావడానికి వేసవంతా గడిచిపోయేది. ఐర్లండ్‌లో అలా పరిచిన బట్టలకు కాపలా గుడిసెలుండేవి. 18వ శతాబ్దంలో అక్కడ చలువ మైదానంలో బట్ట దొంగిలిస్తే ఉరిశిక్ష పడేది. 1756లో ఎడిన్‌బరో వైద్యుడు ఫ్రాన్సిస్ హోమ్ మజ్జిగ బదులు పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడవచ్చని చూపించాడు. వారాల పని గంటల్లోకి వచ్చింది. 1799లో గ్లాస్గోలో చార్లెస్ టెనంట్ బ్లీచింగ్ పౌడరుకు పేటెంట్ తీసుకున్నాక పచ్చిక మైదానాల అవసరమే తగ్గిపోయింది.

ఇంట్లో నిదానంగా చేయండి. వాషింగ్ సోడా నీళ్లలో అరగంట ఉడికించి, జాడించి, తడిగానే గడ్డి మీద పరచండి. ఎండుతుంటే నీళ్లు చల్లండి. పచ్చిక, తడి, ఎండ మూడూ కలిస్తే రంగు విరుగుతుంది. వారం తర్వాత మళ్లీ ఉడికించి మళ్లీ పరచండి. మూడు నాలుగు దఫాలకు లేత మీగడ రంగు వస్తుంది, నా మటుకు అక్కడ ఆపేయడమే ఇష్టం. పాల తెలుపు కావాలని క్లోరిన్ బ్లీచ్ గుమ్మరిస్తే నూలు బలం పోతుంది. అన్ని నెలలు పడ్డ కష్టం ఒక్క సీసాకు బలి పెట్టకండి.

చివరగా నునుపు. అల్‌స్టర్‌లో బట్టను దుంగకు చుట్టి, నీటి చక్రంతో లేచి పడే కొయ్య సుత్తుల వరస కింద రోజుల తరబడి కొట్టించేవాళ్లు. గుండ్రటి పోగు చదునై, సందులు పూడి, బట్ట మెరుస్తుంది. టైరోన్ కౌంటీలో కుక్స్‌టౌన్ దగ్గర వెల్‌బ్రుక్ మిల్లులో ఈ యంత్రాలను నేషనల్ ట్రస్ట్ కాపాడుతోంది. 1736 నుంచి నడుస్తున్న అప్పర్‌లాండ్స్‌లోని విలియం క్లార్క్ సంస్థ ఈ విద్యను ఇప్పటికీ వదల్లేదు. మీరు తడి బట్టను కర్రకు బిగుతుగా చుట్టి, చెక్క మీద పెట్టి, కొయ్య సుత్తితో అరగంట తిప్పుతూ కొట్టండి. తేడా కంటికి కనిపిస్తుంది. ఇస్త్రీ ఎప్పుడూ చెమ్మగా ఉండగానే. పూర్తిగా ఆరిన లినెన్ ముడత మాట వినదు.

కొట్లో అసలు లినెన్ ఎలా గుర్తుపట్టాలి

పశ్చిమ బెంగాల్ రిష్రాలోని జయశ్రీ టెక్స్‌టైల్స్ లాంటి మిల్లులు యూరప్ నార తెప్పించి ఇక్కడే నూలు వడుకుతాయి కాబట్టి అసలు సరుకుకు కొరత లేదు. కాల్చి చూసే పరీక్ష పాలిస్టర్ కలిసిందో లేదో చెబుతుంది గానీ పత్తికీ లినెన్‌కూ తేడా చెప్పదు, రెండూ కాగితం కాలిన వాసనే వేస్తాయి. అంచు నుంచి ఒక పోగు లాగి పురి విప్పి తెంపండి. పత్తి కొస దూదిలా గుబురుగా ఉంటుంది. లినెన్ కొస బిరుసుగా, మొనదేలి ఉంటుంది. పాత వ్యాపారుల పరీక్ష ఇంకోటి ఉంది. గుడ్డ ముక్క మీద నూనె చుక్క వేసి వెలుగుకు పెడితే లినెన్ అద్దంలా పారదర్శకంగా కనిపిస్తుంది, పత్తి అంతగా కనిపించదు. నూలులో అక్కడక్కడా లావు ముడులు కనబడితే అది అసలు సరుకని నమ్మేయకండి, ఇప్పుడు పత్తి నూలులోనూ అలాంటివి కావాలనే పెడుతున్నారు.

మీ అర కిలో నారతో ఏం నేయవచ్చో లెక్క చెబుతాను. 10 లీ మందం నూలు వడికితే మూడు వేల మీటర్లు వస్తుంది. అర మీటరు వెడల్పు, 80 సెంటీమీటర్ల పొడుగున్న తువ్వాలుకు, సెంటీమీటరుకు 12 పోగుల చొప్పున, మగ్గం మీద వృథా అయ్యేది కలుపుకుని పడుగుకు 720 మీటర్లు, పేకకు 480 మీటర్లు పడుతుంది. అంటే రెండు తువ్వాళ్లు నేసి, తెగిన పోగులు అతకడానికి కొంత నూలు మిగులుతుంది. మొదటి ఏడు చీర జోలికి పోకుండా ఈ తువ్వాళ్లే నేయండి, ముందుగా దులిపిన కాయల్లోంచి 120 గ్రాముల గింజను పొడి డబ్బాలో వేసి నవంబరుకు దాచండి.